వినాయకుడి కంటే ముందు బిళ్ళంగోడు చెక్కండి

అడిగిన ప్రశ్న ఇది: "నాకు 38 ఏళ్ళు. హైదరాబాద్‌లో కంప్యూటర్ ఉద్యోగం. రోజంతా తెర ముందు కూర్చునే వాణ్ణి, చేతులకు వేరే పని కావాలని చెక్క చెక్కడం మొదలుపెట్టాను. ఆన్‌లైన్‌లో 12 ఉలుల పెట్టె కొన్నాను. ఇంట్లో తలుపుల పనిలో మిగిలిన టేకు ముక్క మీద వినాయకుణ్ణి చెక్కుతుంటే తొండం రెండుసార్లు ఊడింది, మూడోసారి నా బొటనవేలు తెగింది. సుత్తి చప్పుడుకు కింది ఫ్లాటు వాళ్ళు గొడవపడ్డారు. తొమ్మిదేళ్ళ మా అమ్మాయి తనూ చెక్కుతానంటోంది. ఈ వయసులో ఇది నాకు వస్తుందా? వస్తే ఎక్కడ మొదలుపెట్టాలి?"

తొండం ఊడడానికి మీ వయసు కారణం కాదండీ. అడ్డనారలో తొండం చెక్కితే తరతరాల వడ్రంగి చేతిలోనైనా ఊడుతుంది. ఆ సంగతి తరువాత చెబుతాను. ముందు ఆ టేకు ముక్కనూ ఉలుల పెట్టెనూ అటకెక్కించండి. పారేయవద్దు, ఏడాది గడిచాక ఆ పన్నెండింటిలో మూడు పనికొస్తాయి. మిగతా తొమ్మిదీ పెట్టె నిండుగా కనిపించడానికి పెట్టినవే.

నేను విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. వానలకు ముందు తీగలకు తగిలే కొమ్మలు కొట్టించడం మా పనుల్లో ఒకటి. ఒక మధ్యాహ్నం ఒక చెట్టు పని ముగించి, పక్క వీధిలోని చెట్టుకు లైన్ క్లియర్, అంటే కరెంటు తీసేశాం పని చేసుకోండన్న కబురు, కోసం నీడలో కూర్చున్నాం. మా లైన్‌మన్ ఒకాయన అప్పుడే పడిన వేప కొమ్మ ముక్క తీసుకుని, జేబులోని కత్తితో చెక్కసాగాడు. సబ్‌స్టేషన్ నుంచి కబురు వచ్చేలోగా బిళ్ళంగోడు ఆటకు బిళ్ళ తయారైంది. నేల మీద పెట్టి కొన మీద కర్రతో తట్టాడు. నిటారుగా నడుమెత్తు లేచింది. సరదా పుట్టి నేనూ ఒకటి చెక్కాను. తడితే పక్కకు పొర్లింది. ఆయన దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసి, "సార్, మీ బిళ్ళకు ఒక భుజం ఎక్కువగా ఉంది" అన్నాడు.

అప్పటి నుంచి కొత్తవాళ్ళు ఎవరు అడిగినా నాది ఒకటే మాట. మొదట చెక్కే వస్తువు తన తప్పు తానే చెప్పాలి. వినాయకుడు సరిగా రాకపోయినా ఇంట్లోవాళ్ళు దణ్ణం పెట్టి దేవుడి గూట్లో పెడతారు, ముఖం మీద ఎవరూ ఏమీ అనరు. బిళ్ళకూ బొంగరానికీ ఆ మొహమాటం లేదు. ఒక పక్క బరువైతే బిళ్ళ పొర్లుతుంది, ఇరుసు తప్పితే బొంగరం వణుకుతుంది. ఊరికే పుల్ల చెక్కడం వేరు, దాన్ని ఆడించి చూడడం వేరు.

ఇక చెక్క సంగతి. టేకులో సన్నటి ఇసుకలాంటి సిలికా ఉంటుంది. కత్తి వాదరను, అంటే కోసే అంచును, తినేస్తుంది. పైగా ఏళ్ళ తరబడి ఆరిన తలుపు చెక్క, ఒట్టి చేవ. దాన్ని కత్తితో లొంగదీయాలని చూస్తే బలం పెరుగుతుంది, బలం పెరిగిన చోటే కత్తి జారుతుంది. మీ వేలు తెగిన కథ ఇదే అయి ఉంటుంది. ప్లైవుడ్డు, ఎమ్.డి.ఎఫ్. ముక్కలు అసలే వద్దు. ప్లైవుడ్డులో పొర పొరకూ నార దిశ మారుతుంది, ఎమ్.డి.ఎఫ్.లో నారే ఉండదు, రెండింటిలోనూ జిగురు ఉంటుంది.

కొండపల్లి, నిర్మల్ బొమ్మలు చేసే తెల్లపొణికి అందరికీ తెలిసిన మెత్తని చెక్క. వేలితో ఎత్తితే బెండులా తేలిగ్గా ఉంటుంది. కానీ అది ఇప్పుడు ఆ బొమ్మలవాళ్ళకే సరిగా దొరకడం లేదు. సరదాకు చెక్కే మనం దాని మీద పడడం నాకు ఇష్టం లేదు. ఏటికొప్పాక లక్కబొమ్మల అంకుడు కర్రకూ ఇదే మాట.

మనకు వీధి చాలు. హైదరాబాద్‌లో, విశాఖలో రోడ్ల పక్కన ఏడాకులపాల చెట్లు చాలా నాటారు. చలికాలం మొదట్లో రాత్రిళ్ళు ఘాటైన వాసన వేసే తెల్ల పూల చెట్టు అదే. దాని చెక్క మెత్తన, నార తిన్నన. ఒకప్పుడు బడిపిల్లలు రాసుకునే పలకలు దానితో చేసేవారు, శాస్త్రీయ నామంలో 'స్కొలారిస్' అన్న ముక్క అందుకే చేరింది. గాలివానకు దాని కొమ్మలు తేలిగ్గా విరుగుతాయి, మరుసటి ఉదయం వెళ్ళి ఏరుకోవడమే. వేప కొమ్మ పచ్చిగా ఉన్నప్పుడు వెన్నలా తెగుతుంది, ఆరితే రాయి అవుతుంది. కాబట్టి కొట్టిన వారంలోనే దాని పని పట్టాలి. గుమ్మడి టేకు దొరికితే అదృష్టమే, పేరులో టేకు ఉన్నా కత్తికి బాగా లొంగుతుంది. విదేశీ యంత్రాలు వచ్చే పైన్ పెట్టెల చెక్క కూడా చౌకగా దొరుకుతుంది గానీ, అందులో ఒక గీత మెత్తగా, పక్క గీత గట్టిగా ఉండి కత్తి ఎగిరెగిరి పడుతుంది. తీసుకుంటే దాని మీది ముద్ర చూడండి. హెచ్.టి. అంటే వేడితో పురుగు చంపినది, ఫరవాలేదు. ఎమ్.బి. అంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టినది, దాన్ని ముట్టుకోవద్దు.

గన్నేరు, జిల్లేడు, జీడిమామిడి, నల్లజీడి కొమ్మల జోలికి పోకండి. గన్నేరు విషం. నల్లజీడి రసం తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. మామిడి చెక్క మంచిదే, కానీ కొందరికి దాని సొన పడదు. ముంజేతి మీద దద్దుర్లు లేస్తే మానేయండి. ఎర్రచందనం, శ్రీగంధం ముక్క ఎవరైనా "చిన్నదే కదా, ఉంచుకోండి" అని చేతిలో పెట్టబోతే దణ్ణం పెట్టి తిప్పి పంపండి. లెక్కలో లేని ముక్క ఇంట్లో ఉంటే అటవీ శాఖకు జవాబు చెప్పుకోవలసింది మీరే. చెట్టు కొట్టడానికి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి, కానీ మనకు ఏ చెట్టూ కొట్టవలసిన అవసరం రాదు. బొటనవేలంత లావు కొమ్మ, జానెడు పొడవు ఉంటే ఒక వారం పని.

పనిముట్లు అంటే ఒక కత్తి, పదును పెట్టే సామగ్రి, ఎడమచేతికి ఒక గ్లవుజు. అంతే. మడత కత్తి వద్దు, నొక్కినప్పుడు వేళ్ళ మీదికి మూసుకుంటుంది. బ్లేడు ముక్కలు విరిచి వాడే కట్టర్ కూడా వద్దు, అడ్డంగా వంచితే ఆ బ్లేడు పటుక్కున విరిగి ముఖం మీదికి ఎగురుతుంది. అలుగు, అంటే కోసే ఇనుప భాగం, కదలని కత్తి కావాలి. అలుగు పొడవు ఆరు సెంటీమీటర్లకు మించకూడదు, పిడి అరచేతిని నింపాలి. స్వీడన్‌లో తయారయ్యే మోరా 120 ఇలాంటిదే, మన దేశంలోనూ దొరుకుతుంది. నేను పదేళ్ళు వాడింది మాత్రం ఒక కమ్మరి లారీ కమాను పట్టీతో చేసిచ్చిన కత్తి. చూడడానికి మోటు, పదును నిలపడంలో దిట్ట.

ఇక్కడ కాస్త ఆగి చెబుతాను, ఎందుకంటే చెక్కడం మానేసిన వాళ్ళలో ఎక్కువ మంది పదును దగ్గరే మానేశారు. కొత్త కత్తికి పదును ఉంటుందన్నది భ్రమ. కొనగానే పదును పెట్టాలి. ఖరీదైన సానరాళ్ళు వెంటనే అక్కరలేదు. మందపాటి అద్దం ముక్క మీద నీళ్ళు చిలకరించి, 400, 1000, 2000 నంబరు గరుకు కాగితాలు ఒకదాని తరువాత ఒకటి పరవండి. అలుగు పక్కనున్న వాలు అంతటా మార్కర్ పెన్నుతో నల్ల సిరా పూయండి. ఆ వాలును కాగితం మీద బల్లపరుపుగా ఆనించి, వెన్ను ముందుండేలా మీ వైపు లాగండి. నాలుగు లాగుళ్ళ తరువాత తీసి చూస్తే సిరా ఎక్కడ పోయిందో కనిపిస్తుంది. వాదర దగ్గర సిరా మిగిలితే మీరు వెన్ను వైపు ఆనుతున్నారు, వాదర దగ్గర మాత్రమే పోతే మరీ ఎత్తి పట్టారు. కాగితానికీ అలుగుకూ మధ్య కోణాన్ని చెయ్యి గుర్తుపెట్టుకునే దాకా సిరాయే మీ గురువు. ఒక పక్క అరగదీస్తే రెండో పక్క వాదర మీద సన్నటి ఉక్కు రోమం లేస్తుంది, బొటనవేలు గోటిని వాదర నుంచి బయటికి లాగితే గీరుకుంటుంది. అది కొన నుంచి పిడి దాకా లేచాకే రెండో పక్కకు వెళ్ళాలి.

చివర తోలు పట్టీ. పాత నడుము బెల్టును చెక్కముక్కకు ఫెవికాల్‌తో అతికించి, దాని గరుకు వైపు లోహాలకు మెరుగుపెట్టే ఆకుపచ్చటి పాలిష్ సబ్బు రుద్దండి. మంగలి కత్తి నూరినట్టు, వెన్ను ముందు, వాదర వెనక. ఒక్కో పక్కకు ఇరవై లాగుళ్ళు. చెక్కేటప్పుడు పావుగంటకోసారి పట్టీ మీద కత్తి తిప్పితే నెలల తరబడి గరుకు కాగితం అవసరం రాదు. పదును సరిపోయిందా అని వేలితో చూడకండి. మెత్తటి కొమ్మ చివర అడ్డంగా కోయండి. కోసిన చోటు నున్నగా మెరిస్తే సరిపోయింది. తెల్లగా గీతలు పడి, నలిగినట్టుంటే మళ్ళీ మొదటి నుంచి.

మొద్దు కత్తే చేతిని కోస్తుంది. కోపం, నిద్ర ఉన్నప్పుడు కూడా చెక్కవద్దు. కూర్చునే తీరు ముఖ్యం: మోచేతులు మోకాళ్ళ మీద, చెక్క మోకాళ్ళకు ముందు. తొడల మధ్య పెట్టి ఎప్పుడూ చెక్కకండి, లోపలి తొడలో పెద్ద రక్తనాళం ఉంది. మీ చెయ్యి చాచినంత దూరంలో ఎవరూ ఉండకూడదు, పిల్లి కూడా. కోతకు ఓర్చే గ్లవుజు గీతను ఆపుతుంది గానీ పోటును ఆపదు, దాన్ని నమ్ముకుని అరచేతి వైపు పొడవకండి. తెగితే పసుపు, కాఫీ పొడి అద్దకుండా నీళ్ళతో కడిగి, శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు ఎడతెరపి లేకుండా నొక్కి పట్టండి. మధ్యలో తీసి చూడవద్దు. అప్పటికీ ఆగకపోతే, వేలు మొద్దుబారితే ఆసుపత్రికి వెళ్ళండి. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్ళు దాటితే ఇప్పుడే ఒకటి వేయించుకోండి.

ఇప్పుడు బిళ్ళ. తెలంగాణలో చాలాచోట్ల చిర్రగోనె అంటారు, మీ వైపు ఏ పేరైనా సరే. బెత్తెడు పొడవు, బొటనవేలంత లావు కొమ్మ ముక్క తీసుకోండి. మధ్యలో బెరడు అలాగే వదిలి, రెండు వైపులా కొనలు తేల్చాలి. బడిలో బ్లేడుతో పెన్సిల్ చెక్కిన ప్రతివారికీ సగం పని వచ్చినట్టే. కోతలు రెండే. ఒకటి, కుడిచేతి కత్తి వెన్నును ఎడమచేతి బొటనవేలితో ముందుకు తోయడం. మణికట్టు కదలదు, వేలు కదిలినంతే అలుగు కదులుతుంది, కాబట్టి జారదు. రెండోది, మామిడికాయ తొక్క తీసినట్టు మన వైపు లాగడం. కుడి బొటనవేలు చెక్కను ఆనుకుని, వాదర దారికి కిందుగా ఉండాలి. ఆ వేలికి నాలుగు చుట్లు బట్ట ప్లాస్టరు చుట్టండి.

నారను అర్థం చేసుకోవడం ఇక్కడే. కొమ్మ అంటే పొడుగ్గా పేర్చిన పీచుల కట్ట. బిళ్ళ మధ్య నుంచి కొన వైపు చెక్కితే కత్తి ఆ పీచులను ఒక్కొక్కటే తెంపుకుంటూ దిగుతుంది, పేళ్ళు గుండ్రంగా చుట్టుకుని రాలతాయి. కొన నుంచి మధ్యకు చెక్కితే పీచుల సందులో దూరి, చీల్చుకుంటూ లోపలికి పోతుంది. నీరు పల్లమెరుగు అంటారే, కత్తిదీ అదే దారి: లావు నుంచి సన్నానికి. ముడి వచ్చిన చోట పీచులు దాని చుట్టూ తిరుగుతాయి కాబట్టి అక్కడ రెండు వైపుల నుంచీ దిగాలి. కత్తి దిగబడినట్టు, చెక్క చీలుతున్న చప్పుడు వినబడితే ఆపి, ముక్కను తిప్పి పట్టుకోండి. కళ్ళ కంటే ముందు చెవికి తెలుస్తుంది.

కొనను ఒకేసారి గుండ్రంగా చేయబోకండి. ముందు నాలుగు పలకలు తీయండి, ఎదురెదురు పలకలు సమంగా ఉన్నాయో లేదో కొన వైపు నుంచి చూడండి. నాలుగు మూలలు కొట్టేస్తే ఎనిమిది, వాటి మూలలు కొట్టేస్తే పదహారు. ఆ పైన గుండ్రం దానంతట అదే వస్తుంది. గరుకు కాగితం పెట్టవద్దు, కత్తి జాడలు ఉండనివ్వండి. అయ్యాక కిందికి దిగి సెల్లారులో తట్టి చూడండి. పక్కకు పొర్లితే ఏ భుజం ఎక్కువో వెతకండి. నాకు తిన్నగా లేచింది పదకొండోది.

తరువాత బొంగరం. చతురస్రపు ముక్క రెండు చివర్లా మూలల నుంచి మూలలకు గీతలు గీస్తే ఇరుసు తెలుస్తుంది. అదే నాలుగు, ఎనిమిది, పదహారు లెక్క. అడుగున మేకు దిగేచోటు వెంట్రుకవాసి తప్పినా తిప్పగానే తెలిసిపోతుంది. దీనికి రెండు మూడు వారాలు పడుతుంది, తొందర లేదు.

ఆ పైన గరిటె. అందరూ ఇక్కడ గుంట తవ్వే వంకీ కత్తి కొంటారు. దానికి ముందు చిప్పగరిటె చేయండి. కొబ్బరి చిప్పను కొబ్బరికాయే చేసి పెట్టింది, మీరు కాడ ఒక్కటే చెక్కి, చిప్పకు పెట్టిన రెండు కంతల్లో దూర్చాలి. బిగువుగా కూర్చోవాలి, జిగురు వాడకూడదు. కంతలో కాడ ఎక్కడ పట్టేస్తోందో చూసి అక్కడే ఒక పేడు తీయడం, మళ్ళీ దూర్చడం. ఇదే కొలత తెలియడమంటే. గరిటె ఒంపు ఎలా ఉండాలో కావాలంటే నెల్లూరు జిల్లా ఉదయగిరిలో చేసే చెక్క చెంచా ఒకటి కొని బల్ల మీద పెట్టుకోండి. కాడ ఎక్కడ సన్నబడిందో, గుంట అంచు ఎంత పలచనో వేళ్ళతో తడిమితే నా పేరాలకన్నా ఎక్కువ తెలుస్తుంది.

ఇప్పుడు మీ తొండం. నిలువు నారున్న ముక్కలో తొండం ముందుకు చాచి చెక్కితే దాని మొదట్లో పీచులు అడ్డంగా ఉంటాయి. చాక్‌పీసు విరిగినట్టు విరుగుతుంది. పొట్టను ఆనుకుని కిందికి దించితే నార నిలువునా సాగుతుంది, విరగదు. అలా కాక చెయ్యి చాచాలి, తొండం ఎత్తాలి అనుకుంటే కొండపల్లి వాళ్ళ దారి ఉంది. నాకు ఆ ఊరు దగ్గరే, తరచు వెళ్ళి కూర్చునేవాణ్ణి. అంబారీ ఏనుగునైనా, తాటిచెట్టెక్కే గీతకార్మికుణ్ణయినా వాళ్ళు ఒకే దుంగలోంచి తీయరు. చేతులూ కాళ్ళూ దేనికది, నార దాని పొడవునా వచ్చేలా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. అతుకు మీద అదే మక్కుతో పూత, పైన సున్నం, ఆ తరువాత రంగు. అతికించడం చేతకానితనమని అంతవరకూ అనుకునేవాణ్ణి. సిగ్గుపడ్డాను.

వినాయకుడి దగ్గరికి మళ్ళీ వచ్చినప్పుడు కొలతలు ముందు కాగితం మీద వేసుకోండి. శిల్పులకు ముఖం పొడవే కొలబద్ద, దాన్ని తాళం అంటారు, పన్నెండు భాగాలుగా పంచి ఒక్కో భాగాన్ని అంగుళం అంటారు, మన ఇంచు కాదు. వినాయకుడికి ఐదు తాళాలు. తల పెద్దది, కాళ్ళు పొట్టివి కావడానికి లెక్క ఇదే. దేవతామూర్తులే మీ ధ్యేయమైతే ఒకసారి శ్రీకాళహస్తి దగ్గరి మాధవమాల వెళ్ళి, కొయ్య శిల్పాలు చెక్కేవాళ్ళ పక్కన ఒక పూట కూర్చోండి.

నూనె విషయంలో ఒక హెచ్చరిక. గరిటెకు కొబ్బరి నూనె రాస్తే ఆరదు, కొన్నాళ్ళకు మక్కిన వాసన వేస్తుంది. గానుగ అవిసె నూనె పలచగా రాసి వారం పది రోజులు గాలికి పెట్టండి, గట్టిపడుతుంది. రంగుల దుకాణంలో 'ఉడికించిన' అవిసె నూనె అని అమ్మేదానిలో త్వరగా ఆరడానికి లోహపు లవణాలు కలుపుతారు, తిండి వస్తువులకు వాడకండి. నూనె తుడిచిన గుడ్డను ముద్దగా చుట్టి మూల పడేస్తే దానంతట అదే వేడెక్కి అంటుకోగలదు. కట్టుకథ కాదు. ఒకసారి బుట్టలో వేసిన గుడ్డను గంట తరువాత తీస్తే నా అరచెయ్యి చురుక్కుమంది. విప్పి, తాడు మీద ఒంటిపొరగా ఆరేయండి, లేదా నీళ్ళలో ముంచండి.

కింది ఫ్లాటు వాళ్ళతో ఇక గొడవ ఉండదు, కత్తికి చప్పుడు లేదు. బాల్కనీలో పాత దుప్పటి పరిచి కూర్చుంటే పేళ్ళన్నీ ఒక్క దులుపుతో పోతాయి. కుండీల మట్టిలో వేయండి. గరుకు కాగితం పట్టేటప్పుడు మాత్రం మూతికి మాస్కు ఉండాలి. చెక్క ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. కత్తి పేళ్ళతో ఆ బెడద లేదు, నేను గరుకు కాగితాన్ని వీలైనంత దూరం పెట్టడానికి అదీ ఒక కారణం.

అమ్మాయిని కాదనకండి. ఒక స్నానపు సబ్బు, ఐస్‌క్రీం పుల్లను ఏటవాలుగా అరగదీసిన కత్తి ఇవ్వండి. సబ్బులో చేప చెక్కడానికి ఆదివారం మధ్యాహ్నం సరిపోతుంది, పేళ్ళు స్నానానికి పనికొస్తాయి. సబ్బుకు నార లేదు కాబట్టి ఆకారం మీదే మనసు పెడుతుంది. రెండేళ్ళు ఆగి నిజం కత్తి, మొనను గుండ్రంగా అరగదీసి, మీ ఎదురుగా. అందాకా మీ బిళ్ళలు తట్టి చూసే పని తనకు అప్పగించండి, నిర్మొహమాటంగా తీర్పు చెబుతుంది.

ఈ వారం గాలివాన పడితే ఉదయాన్నే సంచీ పట్టుకుని ఏడాకులపాల కిందికి వెళ్ళండి. తెచ్చిన కొమ్మలకు అదే రోజు రెండు చివర్లా ఫెవికాల్ మందంగా పూసి, బెరడు తీయకుండా నీడలో పెట్టండి. లేకపోతే మూడో నాటికి నడిమి బెండు నుంచి బీటలిస్తాయి.